మెట్ల కింది గది

మా పాలిటెక్నిక్‌లో ఉద్యోగాల గదంటే
మెట్ల కింద మిగిలిపోయిన మూల.
ఒకప్పుడు ఆటసామాన్లు పెట్టేవాళ్ళు.
ఇప్పటికీ అలమర తెరిస్తే
గాలిపోయిన వాలీబాల్ ఒకటి నా మొహం చూస్తుంది.
గుమ్మం మీది బోర్డులో ప్లేస్‌మెంట్ ఉంది,
సెల్ ఊడిపోయి రెండేళ్ళు.
ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ణి.
"నీకు నోరుంది కదప్పా, చూసుకో" అన్నాడు ప్రిన్సిపాలు.
నోరుందనుకున్న రోజులవి.

బల్ల మీద ఒక పొడుగు నోటుపుస్తకం,
పద్నాలుగు బ్యాచుల పేర్లు.
పేరు పక్కన ఊరు, ఊరి పక్కన నంబరు,
నంబరు మీద కొట్టివేత, దాని నెత్తిన ఇంకో నంబరు.
ఎర్రగుంట్ల సిమెంటులో ముగ్గురు,
శ్రీసిటీలో ఐదుగురు,
హోసూరులో ఒకడు, పక్కనే "ఇప్పుడు లేడు" అని నా చేతిరాతే.
లేనిది కంపెనీలోనో లోకంలోనో
ఎంత తన్నుకున్నా గుర్తు రాదు.

మార్చి నెల, పదకొండుకే
వరండాలో కడప బండలు కాలుతుంటే
ఫైనలియర్ పిల్లలు చెప్పులు విడిచి వస్తారు.
వద్దన్నా విడుస్తారు.
చేతుల్లో బయోడేటాలు,
ఏడురోడ్ల దగ్గర జిరాక్సు షాపులో
ఒకే పిల్లోడు కొట్టిచ్చినవి.
అందరికీ అలవాటు పుస్తకపఠనం,
అందరికీ బలం కష్టపడటం.
ఒక ఏడాది ఇద్దరికి
తండ్రి కూడా ఒకడే మిగిలిపోయినాడు.

ఆ సాయంత్రం దస్తగిరికి ఫోన్ చేశాను.
చివరి బెంచీ వాడు. క్లాసులో బొరుగులు తింటుంటే పట్టుకుని
"నువ్వు బాగుపడితే నా పేరు మార్చుకుంటా" అన్నాను ఒకప్పుడు.
ఇప్పుడు ఎర్రగుంట్లలో షిఫ్టు ఇన్‌చార్జి.
రింగు పోతున్నంతసేపూ
నా పేరు నేనే ఒకసారి అనుకున్నాను.

"చెప్పండి సా."
వెనక మిల్లు రొద.
ముప్పై ఏళ్ళు పిల్లల్ని లేపి నిలబెట్టి అడిగినోణ్ణి,
కూర్చుని అడగడం చేతకాలేదు.
వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పి అడిగాను,
ముద్దనూరు పక్క వాన పడిందా అడిగాను.
"ఎవురి కోసం సా?" అన్నాడు వాడే.

నాగజ్యోతి కోసం.
మూడు ఇంటర్వ్యూలు పోయినాయి.
మూడో దాని తర్వాత బస్టాండులో
సోడా తాగి ఇంటికి పోయింది, నాక్కూడా చెప్పకుండా.

"సిఫార్సు నా చేతిలో లేదు సా.
గేటు యాడుందో చెప్తా, అంతే.
పాపకియ్యండి ఫోను."

స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను.
"నీ గురించి చెప్పు మా."
పుస్తకపఠనం అంది.
"ఏం పుస్తకం?"
ఫ్యాను తిరిగిన చప్పుడు.
"పోనీ, ఇంటికాడ ఏం జేస్తావు?"
"మా నాయన కాలిపోయిన బోరు మోటార్లు తెస్తాడన్నా.
రాగితీగ విప్పి చుట్లు లెక్కబెడతా,
మళ్ళా నేనే చుడతా."
"ఎన్ని చుట్టింటావు?"
"లెక్కబెట్టలేదు. రెండొందలుంటాయేమో."
మిల్లు రొద ఒక్కటే కాసేపు.
"మూడు చోట్ల, మా,
యా మూల దాచిపెట్టుకున్యావు దాన్ని?"

ఆ పిల్ల నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
మూడేళ్ళు నా ఎదురుగా కూర్చున్న పిల్ల వేళ్ళకు
ఆ రాగి మరకలేమిటని
నేనొక్క రోజూ అడగలేదు.

ఎనిమిదిమంది పోయినారు, ఇద్దరికి వచ్చింది.
తక్కిన ఆరుగురు తిరుగుబస్సులో
ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.
పొద్దున మళ్ళీ చెప్పులు విడిచి నిలబడినారు.

జూలైలో వచ్చింది నాగజ్యోతి,
నుదుటి మీద హెల్మెట్ పట్టీ గుర్తు.
పుస్తకం జరిపి పెన్ను ఇచ్చాను.
"పెన్సిల్ ఉందా సా? ఈ సిమ్ము మారుస్తా."
రాసింది, దస్తగిరి కింది వరసలో,
పేరు, ఊరు, పది అంకెలు.
ఆ కింద నేనడక్కుండానే,
చిన్న అక్షరాలతో:
"లోపలికి ఫోన్ రానియ్యరు.
నాలుగు దాటినాక చెయ్యండి."